ఖర్చు మాటల కోసం పులివెందుల సంత దాకా

నేను ఖర్చు పెట్టే మనిషిని కాను. ముందే చెప్పేస్తే మంచిది, లేకపోతే తెనాలిలో నన్ను ఎరిగినవాళ్లు ఇది చదివి నవ్వుకుంటారు. కుక్కరు గ్యాస్కెట్టుకి పది రూపాయలు ఎక్కువ తీసుకున్నాడని ఎండలో బజారు చివరిదాకా వెనక్కి నడిచివెళ్లిన చరిత్ర నాది. అలాంటి నేను, డిగ్రీ పిల్లలకి ముప్పై ఏళ్లు ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాక, ఇంగ్లీషులో డబ్బు ఖర్చు పెట్టడానికి ఉన్న మాటలన్నిటికీ పుట్టుపూర్వోత్తరాలు తెలుగులో రాయడానికి కూర్చున్నాను. మా చెల్లెలు విని, "పెట్టని చేతికి పెట్టే మాటల మీద ఇంత మోజేమిటే అక్కా" అంది. 

పుస్తకం మూడొంతులు అయ్యేసరికి విసుగొచ్చింది. స్పెండ్ అనే మాట లాటిన్లో తూచి ఇవ్వడం నుంచి వచ్చిందని రాశాను. పాతకాలంలో లోహాన్ని తూచి ఇచ్చేవాళ్లు కదా, అందుకని. చీప్ అంటే మొదట్లో చవక కాదు, బేరమే. ఫీజు అనే మాట మూలం తవ్వుకుంటూ పోతే చివరికి పశువు తేలుతుందని చాలామంది పండితులు అంటారు. అన్నీ రాశాను గానీ, బంగారం తూచి ఇచ్చే చేతిని, పశువుని డబ్బుగా చూసే కంటిని దగ్గర నుంచి ఎన్నడూ చూడలేదు. ప్రొద్దుటూరులో నగల కొట్టు నడిపే నా పాత విద్యార్థి సుబ్బయ్యతో ఫోన్లో ఆ సంగతే అన్నాను. అతను తెనాలిలో మేనమామ ఇంట్లో ఉండి డిగ్రీ చదువుకున్నాడు. "పుస్తకాల్లో ఎందుకు మేడం ఎతుకుతాండారు, మా పక్కకి రాండి. ఈడ అవన్నీ ఇంకా బతికే ఉండాయి" అన్నాడు. మూడు రోజులు తిరిగొచ్చాను. వచ్చి నెల దాటింది. ఆ చివరి రోజు గురించి మా చెల్లెలికి కూడా సగమే చెప్పాను. ఇక్కడ మొత్తం చెబుతాను.

ప్రొద్దుటూరు: ఫ్యాను ఆపిన కొట్టు

పొద్దున్నే దిగి, కారం దోసె తిన్నాను. దోసె మీద ఎర్రకారం పూసి, పైన పప్పుల పొడి చల్లి, మడిచి ఇస్తారు. నలభై రూపాయలు. మా వైపు అల్లప్పచ్చడి ఉంటే తప్ప దోసె నోట్లోకి దిగదు. ఇక్కడ మొదటి ముక్కకే కళ్లలో నీళ్లు దిగాయి. బల్ల తుడిచే ఆమె నా మొహం చూసి ఒక అరటిపండు తెచ్చి పెట్టింది. "కోస్తావోళ్లా మా? నిదానంగా తిను. లెక్క మల్ల ఇద్దువులే" అంది. ఈ జిల్లాలో లెక్క అంటే డబ్బు. దుడ్లు అని కూడా అంటారు, అది కన్నడం నుంచి వచ్చింది. మాకు లెక్క రాసుకునేది, వీళ్లకి ఇచ్చేది. నోటుబుక్కులో రాసుకున్నాను.

సుబ్బయ్య కొట్టు బంగారం బజారులో ఒక సందు మొదట్లో ఉంది. మెత్తటి పరుపు మీద కూర్చుని పని చేసే పాత పద్ధతి. చిన్న గాజుపెట్టెలో కాటా. ఎవరైనా వస్తువు తెస్తే తూచేముందు అతను చెయ్యెత్తి స్విచ్చి నొక్కి ఫ్యాను ఆపేస్తాడు. గాజుపెట్టె ఉండగా గాలి తగలదు కదా అంటే, "నాయన కాలం నుంచి అలవాటు మేడం. ఫ్యాను ఆపకపోతే తూకం మీద జనానికి నమ్మకం ఉండదు" అన్నాడు. ఆ పది క్షణాలూ కొట్లో ఎవరూ మాట్లాడరు. ఉక్కపోతలో అందరూ కాటా మీది అంకెనే చూస్తారు. రెండు వేల ఏళ్ల నాటి రోములో కూడా స్పెండ్ చేసే చోట ఇలాగే ఊపిరి బిగబట్టి ఉంటారని నాకు అనిపించింది.

ఓబులమ్మ వచ్చింది అప్పుడే. నలభై అయిదేళ్లుంటాయి, నల్లగా, పొడుగ్గా, భుజాన తువ్వాలుతో. గొర్రెలు మేపుకునే ఇల్లు వాళ్లది. కొంగుముడి విప్పి ఒక జత కమ్మలు పరుపు మీద పెట్టింది.

"తూకమెయ్యి సుబ్బయ్యా. తరుగు తీయబాకు" అంది.

"నీ కాడ ఎప్పుడు తీసినా?" అన్నాడు సుబ్బయ్య. ఫ్యాను ఆపాడు.

ఆమె కాటా వైపు చూడలేదు. గోడమీది క్యాలెండరు చూస్తూ నిలబడింది. సుబ్బయ్య ధర చెప్పి, నోట్లు ఇచ్చాక, నాకు పరిచయం చేశాడు. కూతురు సుజాతకి పులివెందులలో నర్సింగు సీటు వచ్చిందట. ఈ కమ్మల డబ్బు హాస్టలుకీ బట్టలకీ. అసలు ఫీజు ముప్పై వేలు ఇంకా ఉంది. ఎల్లుండి సాయంత్రం నాలుగు గంటల్లోపల కట్టాలి, లేకపోతే సీటు జాబితాలో తర్వాత ఉన్న పిల్లకి పోతుంది.

"మరి ఆ ముప్పై వేలు?" అని అడిగాను. అడగకూడని మాటే. కానీ టీచరు నోరు ఊరుకోదు.

"రెండు పొట్టేళ్లు ఉండాయి మా" అంది ఓబులమ్మ. "మా ఇంటాయప్ప మందను తోలుకొని కర్నూలు పక్కకి పోయినాడు మేతకి. ఇవి మాత్రం ఇంటికాడ పెంచినవి. ఎల్లుండి పొద్దున పులివెందుల సంత. ఆడ అనంతపురం బేరగాళ్లు వస్తారు, ధర నిలబడతాది."

ధర నిలబడటం అనేమాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. కాస్ట్ అనే ఇంగ్లీషు మాటకి లాటిన్లో మూలం నిలబడటమే. సంత చూడాలని ఉందని సుబ్బయ్యతో అంటే, ఓబులమ్మే, "వస్తే రా మా. రేపు మా ఇంటికి రా, ఎల్లుండి బండిలో కలిసి పోదాం. అన్నం పెడతాలే" అంది. ముక్కూమొహం తెలియని మనిషిని రెండు నిమిషాల్లో ఇంటికి పిలవడం మా వైపు చూడలేదు నేను.

జమ్మలమడుగు, మైలవరం పక్క పల్లె: ఒలిచే వేళ్లు

మర్నాడు బస్సులో జమ్మలమడుగు చేరి లాడ్జిలో సంచి పడేశాను. మధ్యాహ్నం మెస్సులో రాగిసంగటి, ఊరిబిండి అనే వేరుశనగ పచ్చడి, ఎర్రగడ్డ ముక్క. ఎర్రగడ్డ అంటే మన ఉల్లిపాయే. ఎనభై రూపాయలు, ఎంత తింటే అంత. నేను సంగటిని అన్నంలా నమిలాను. పక్కన కూర్చున్న పెద్దాయన చూసి చూసి, "నమలకూడదు తల్లీ, మింగాల. పండ్లకి పని చెప్తే అది కడుపులోకి పోదు, పండ్లకే అంటుకుంటాది" అన్నాడు. రెండో ముద్ద మింగాను. గొంతులో నిలబడింది. ఆయనే మజ్జిగ అందించాడు.

ఓబులమ్మ ఊరు మైలవరం రిజర్వాయరు వైపు. ఆటోలో వెళితే నీళ్లు ఒకపక్క పచ్చగా కనిపిస్తాయి, ఇంకోపక్క ఎర్రటి నేల. వేరుశనగ పీకి ఇళ్లముందు ఆరబోసిన రోజులు. ఓబులమ్మ గుమ్మంలో నలుగురు ఆడవాళ్లు విత్తనానికి కాయలు ఒలుస్తున్నారు. నేనూ కూర్చున్నాను. ఇంగ్లీషువాళ్లు డబ్బు విసుక్కుంటూ బయటికి తీయడాన్ని షెల్ ఔట్ అంటారు, అంటే పెంకు ఒలిచి గింజ బయటికి తీయడం. ఈ సంగతి వాళ్లకి చెప్పాను.

ఒక ముసలమ్మ కాయ చిట్లగొడుతూ, "మా ఇంటాయన చేతిలో నుంచి రూపాయి ఎట్ల వస్తాదో ఆ ఇంగ్లీషోళ్లకు కూడా తెలిసిపోయిందే" అంది. అందరూ నవ్వారు. నాకు మాత్రం మా చెల్లెలి మాట గుర్తొచ్చి సగం నవ్వే వచ్చింది. బుట్టలో నాలుగోవంతు ఒలిచేసరికి నా బొటనవేలు గోరు విరిగింది. వాళ్లు అప్పటికే రెండు బుట్టలు నింపారు.

సుజాత పద్దెనిమిదేళ్ల పిల్ల. మాట తక్కువ. పెరట్లో పొట్టేళ్లకి నీళ్లు పెడుతోంది. రెండూ బలంగా, మెరుస్తూ ఉన్నాయి. ఒకదానికి నుదుటిమీద తెల్లమచ్చ. వాటి మెడలో తాళ్లు ఈ పిల్లే పేనిందట. "రోజూ అయిదు గంటలకి లేచి ఆకు కోసుకొచ్చి పెట్టినా మేడం. వీటితోనే పరీక్షలకి చదువుకున్యా" అంది. ఫీజు అనే మాట వెనక పశువు ఉందని చెప్పాను. పిల్ల పొట్టేళ్ల వైపు చూసింది.

"అయితే మేము సరిగ్గానే కడతాండాం మేడం" అంది.

ఆ రాత్రి నేను లాడ్జికి వెళ్లేలోపల, రిజర్వాయరు చేపల పులుసుతో అన్నం పెట్టారు. చింతపండు కంటే కారమే ముందు తగిలే పులుసు. నేను తినేసి, పర్సు తీసి రెండు వందలు ఓబులమ్మ చేతిలో పెట్టబోయాను. పర్సు తీయడమే నా మట్టుకు పెద్ద విషయం. ఆమె చెయ్యి వెనక్కి పెట్టుకుంది.

"అన్నానికి లెక్క తీసుకుంటామా? మేమేమన్నా హోటలు పెట్టుకుంటిమా? లోపల పెట్టుకో మా" అంది. మొహంలో నవ్వు లేదు.

మా వైపు ఒకరింట్లో తిని వచ్చేటప్పుడు పెద్దవాళ్లు తీసుకోకపోతే పిల్లల చేతిలో నోటు పెడతాం. పెట్టేదాకా మనసు ఊరుకోదు. అప్పుడు సుజాత దగ్గర్లో లేదు. సరే రేపు చూద్దాంలే అనుకున్నాను. మొత్తం గొడవకి మూలం ఈ అనుకోవడమే.

ముద్దనూరు మీదుగా

తెల్లవారుజామున చిన్న ట్రాలీ బండి లాడ్జి ముందు ఆగింది. వెనక పొట్టేళ్లు, వాటి పక్కన సుజాత, ముందు డ్రైవరు, ఓబులమ్మ, ఆమె ఒళ్లో సగం నేను. ముద్దనూరు దాటేటప్పుడు కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు ఆకాశంలో బూడిదరంగుగా కనిపించాయి. ఓబులమ్మ దారంతా ఒకటే సంగతి మాట్లాడింది. ముప్పై ఒకటికి తక్కువైతే ఇవ్వదట. ముప్పై ఫీజుకి, వెయ్యి బండికీ దళారికీ.

"సంతలో నువ్వే బేరం చేస్తావా?" అన్నాను.

"ఎవరు చేస్తారు మా? ఆయప్ప ఈడ లేడు. మా పిల్ల చదువు, మా జీవాలు, నేనే చేస్తా. దళారి కాశీం ఉండాడు, తువ్వాలు ఆయన వేస్తాడు, వేళ్లు నావే."

సంత గురించి నేను అడిగిన ప్రతిదానికీ ఆమె చెప్పింది. నేను అడగనిది ఒక్కటి ఆమె చెప్పలేదు. అడగాలని నాకేం తెలుసు?

పులివెందుల సంత: తువ్వాలు కింద

ఆరున్నరకే సంత నిండిపోయింది. ఉగ్గాని బజ్జీ ముప్పై రూపాయలు. ఉగ్గాని అంటే బొరుగులు, మన మరమరాలు, నానబెట్టి తాలింపు వేసినది. ఆకలిమీద రెండు ప్లేట్లు తిన్నాను. చుట్టూ గొర్రెలు, పొట్టేళ్లు, మేకలు, అరుపులు, దుమ్ము. కానీ అమ్మకాలు జరిగే చోట మాత్రం నిశ్శబ్దం. కొనేవాడూ అమ్మేవాడూ చేతులు కలుపుతారు, దళారి పైన తువ్వాలు కప్పుతాడు. కింద వేళ్లతో బేరం నడుస్తుంది. ఒక్కో వేలు ఒక వెయ్యి కావచ్చు, పది వేలు కావచ్చు, పట్టుకునే తీరును బట్టి తెలుస్తుంది. చుట్టూ ఉన్నవాళ్లకి ధర తెలియకూడదు, తెలిస్తే పక్కవాళ్ల బేరం చెడుతుంది. ఇద్దరి మొహాలూ ఏమీ జరగనట్టే ఉంటాయి. చీప్ అంటే బేరం అని నేను రాసిన నాలుగు పేజీలు ఇక్కడ ఒక తువ్వాలు కింద ఉన్నాయి.

కాశీం సాయిబు బక్కపల్చని మనిషి, తెల్లగడ్డం. అనంతపురం వైపు నుంచి వచ్చిన ఒక బేరగాడిని తెచ్చాడు. పచ్చ తువ్వాలు వేసుకున్నాడాయన. పొట్టేళ్ల నడుం నొక్కాడు, పళ్లు చూశాడు, తల ఊపాడు. ఓబులమ్మ చెయ్యి చాపింది. తువ్వాలు పడింది. సుజాత కాస్త పక్కగా రెండు తాళ్లూ పట్టుకుని, తల్లి మొహం వైపే చూస్తోంది.

చాలాసేపు పట్టింది. నాకు ఇదే మంచి సమయం అనిపించింది. సందడిలో ఎవరూ వద్దనరు కదా. అయిదు వందల నోటు మడిచి సుజాత దగ్గరికి వెళ్లాను. "పుస్తకాలకి ఉంచుకో తల్లీ" అన్నాను. పిల్ల తల అడ్డంగా ఊపింది. "వద్దు మేడం, ఇప్పుడు వద్దు" అంది. మొహమాటం అనుకున్నాను. ఆ పిల్ల చేతిని పట్టుకుని, తాళ్లతో సహా వేళ్లు మూసి, లోపల నోటు పెట్టాను. గట్టిగా నొక్కాను కూడా.

పక్కన మేకలవాడు అది చూసి, "ఈ రెండూ పోయినాయప్పా" అని కేకేశాడు.

పచ్చ తువ్వాలు ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఒకసారి నా వైపు, ఒకసారి ఓబులమ్మ వైపు చూసి, వేరే మందల దగ్గరికి వెళ్లిపోయాడు. ఓబులమ్మ చెయ్యి మాత్రం తువ్వాలు కింద అలాగే ఉంది.

"ఏం జరిగింది?" అన్నాను.

కాశీం సాయిబు నిదానంగా చెప్పాడు. "తాడు పట్టిన చేతిలో నోటు పెడితే బయానా ఇచ్చినట్టు మా. జీవాలు నీవైపాయ. బయానా పడినాక ఇంగొకరు చెయ్యి పెట్టరు, అది ఈ సంత మర్యాద."

"నేను ఆ పిల్లకి ఊరికే ఇచ్చాను. వెనక్కి తీసుకుంటాను."

"తీసుకోవచ్చు. కానీ బయానా వెనక్కి పోయిన జీవాన్ని ఈ సంతలో మంచి ధరకి ఎవరూ ముట్టరు. ఏదో రోగం కనపడినాది, అందుకే ఇడిచిపెట్టినాడు అనుకుంటారు. వచ్చే వారం దాకా ఆగాల."

వచ్చే వారం. నాలుగు గంటలకి ఫీజు.

ఇక్కడ నా తెలివి గురించి ఒక్క మాట చెప్పుకోవాలి. బేరం ఖాయమైనట్టు ముందుగా చేతిలో పెట్టే సొమ్ముని ఇంగ్లీషులో ఎర్నెస్ట్ అంటారు. ఒకప్పుడు దాన్నే దేవుడి పెన్నీ అనేవాళ్లు. ఆ ఒక్క నాణెం చేతిలో పడ్డాక మాట తప్పితే దేవుడికి తప్పినట్టే. దాని మీద ఒక అధ్యాయం రాశాను నేను. బాగా వచ్చిందని మురిసిపోయాను కూడా. సంతలో నిలబడి నా చేత్తో అదే పని చేస్తూ, అదేమిటో గుర్తుపట్టలేకపోయాను.

ఓబులమ్మ నన్ను తిట్టి ఉంటే బాగుండేది. "ఏం పని చేస్తివి మా" అంది అంతే. సుజాత నోటు అలాగే పట్టుకుని ఏడుస్తోంది. ఇంకో బేరగాడు దగ్గరికి వచ్చి, నేను బయానా వెనక్కి తీసుకుంటే తను ఇరవై రెండుకి కొంటానన్నాడు. ఇరవై రెండుతో ఫీజు కట్టలేరు.

సిగ్గుతోనే చెబుతున్నాను, ఒక్క క్షణం నాకు ఆటో ఎక్కి బస్టాండుకి వెళ్లిపోదామనిపించింది. నన్నెవరు పట్టుకుంటారు? ముప్పై ఒక్క వేలు. నా పెన్షనులో ఎంతో నాకు తెలుసు. ఇంటి పైకప్పు మరమ్మతుకి రెండేళ్లుగా దాస్తున్న సొమ్ము బ్యాంకులో ఉంది.  తర్వాత ఆ పిల్ల చెయ్యి చూశాను. తాళ్లు ఇంకా గట్టిగా పట్టుకునే ఉంది.

"కాశీం భాయ్, తువ్వాలు వెయ్యండి" అన్నాను. "బయానా ఇచ్చింది నేనే కదా, బేరం కూడా నేనే చేస్తాను."

ఓబులమ్మ నన్ను అనుమానంగా చూసింది. చెయ్యి చాపింది. తువ్వాలు పడింది. ఆమె అరచెయ్యి గరుకుగా, చెమటగా ఉంది. నా వేళ్లు పట్టుకుని మూడు నొక్కింది, తర్వాత ఒకటి. ముప్పై ఒకటి. నాకు మనసంతా తప్పు చేసిన భారం. మూడు నొక్కి, తర్వాత అయిదు వేళ్లూ నొక్కాను, ముప్పై అయిదని.

ఆమె నా చెయ్యి విదిలించింది. తువ్వాలు జారి దుమ్ములో పడింది.

"ధర్మం చేయబాకు" అంది అందరి ముందే. "సంతలో ధర్మం లేదు. ఆ పచ్చ తువ్వాలాయప్ప యాడ ఆగినాడో ఆడే నిలబడు. కొంటే కొను, లేకుంటే పో."

కాశీం సాయిబు తువ్వాలు దులిపి మళ్లీ వేశాడు. ఈసారి నేను మూడు, ఒకటి నొక్కాను. ఆమె వదలకుండా కాసేపు అలాగే పట్టుకుంది. నేను మళ్లీ ఎక్కువ నొక్కుతానేమో అని. 

మిగతా ముప్పై వేల అయిదు వందలు సుజాత ఖాతాకి ఫోన్లో పంపాను. అంకెలు నొక్కుతుంటే మూడుసార్లు తప్పు పడింది. నాలుగోసారి వెళ్లింది. తల్లీకూతుళ్లు నాతో ఒక్కమాట మాట్లాడకుండా కాలేజీ వైపు పరుగులాంటి నడకతో వెళ్లిపోయారు. పే అనే మాటకి శాంతింపజేయడం అని మూలార్థం రాశాను పుస్తకంలో. ఆ పూట అది ఎవరినీ శాంతింపజేయలేదు.

నాతో రెండు పొట్టేళ్లు

ఇప్పుడు నా చేతిలో రెండు తాళ్లు, వాటి చివర రెండు పొట్టేళ్లు. అవి నన్ను తోలుకుపోయాయి అంటే సరిగ్గా ఉంటుంది. తెల్లమచ్చది తిన్నగా ఒక ముసలాయన కొత్తిమీర కట్టల దగ్గరికి లాక్కెళ్లి, నేను అరిచేలోపల మూడు కట్టలు నమిలేసింది. ముప్పై రూపాయలు. ఇచ్చాను. కుక్కరు గ్యాస్కెట్టు మనిషిని, బేరం కూడా ఆడలేదు.

"ఏం చేస్తావు మా వీటిని? తెనాలికి తోలుకపోతావా?" అన్నాడు కాశీం సాయిబు.

"మళ్లీ అమ్మండి."

"నువ్వు అమ్మితే తప్పులేదు" అన్నాడు నెమ్మదిగా నవ్వి. "జీవం తెలిసిన మనిషి ఇడిస్తే అనుమానం. నీకు గొర్రెకీ మేకకీ తేడా తెలీదని సంతంతా చూసినాది. జీవంలో లోపం లేదు, కొన్న మనిషిలోనే ఉంది అనుకుంటారు."

అలాగే జరిగింది. పచ్చ తువ్వాలు ఆయన తిరిగొచ్చాడు. నా అవస్థ చూసి ఇరవై ఆరు పట్టాడు. నేను వేళ్లు వదల్లేదు. పావుగంట పట్టుకుని కూర్చున్నాను. ఇరవై ఏడుకి వచ్చాడు. ఇది మాత్రం గర్వంగా చెప్పుకుంటాను. కాశీం సాయిబు రెండు బేరాలకీ దళారీ తీసుకున్నాడు, నా దగ్గర కొన్నప్పుడొకటి, అమ్మినప్పుడొకటి. "తప్పు నీదైనా పని నాది కదా మా" అన్నాడు. ఇచ్చాను.

పొట్టేళ్లని లారీ ఎక్కిస్తుంటే నేను మొహం తిప్పుకున్నాను. రెండు గంటలే అయ్యాయి అవి నావై.

బస్టాండు

మూడున్నరకి తెనాలి వైపు వెళ్లే బస్సు కోసం బస్టాండులో కూర్చున్నాను. కాలేజీలో ఏం జరిగిందో తెలియదు. ఫోను చేయడానికి భయం. డబ్బు ఖాతాలో పడకపోతే? సాంకేతికంగా ఏదో అడ్డొస్తే? కట్టే చోట కిటికీ మూసేస్తే? అయిదేసి నిమిషాలకోసారి ఫోను చూసుకున్నాను. బస్సు వచ్చి ఆగింది. ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. అప్పుడు కనిపించారు ఇద్దరూ, జనాన్ని తోసుకుంటూ వస్తూ. సుజాత చేతిలో, పొద్దుటి నుంచి వరసలో నిలబడి తెచ్చుకున్న పొడుగాటి రసీదు, దాని మీద గుండ్రని ముద్ర. కిటికీలోంచి నాకు చూపించింది. నాకు ఏడుపొచ్చింది. దాచుకోవాలని కూడా అనిపించలేదు.

"ఎంతకిస్తివి జీవాల్ని?" అంది ఓబులమ్మ కిటికీ కింద నిలబడి.

"ఇరవై ఏడు."

"నాలుగు వేలు పోగొట్టుకుంటివి."

"నా తప్పే కదా."

"అవును మా, నీ తప్పే. నేనేం తిరిగియ్యను. నా కాడ లేవు, ఉండినా ఇయ్యను." కొంగు నడుముకి దోపుకుంది. "నీ తప్పు నువ్వు కొనుక్కుంటివి, నా పిల్ల సీటు నేను కొనుక్కుంటి. ఇంగ ఆ మాట ఎత్తబాకు. ఈసారి పండక్కి రా, సంగటి మింగేది నేర్పిస్తా."

డ్రైవరు ఎక్కి హారన్ కొట్టాడు. సుజాత దగ్గరికొచ్చి నా చేతిని కిటికీలోంచి పట్టుకుంది. "తెల్లబూట్లు కొనాల మేడం ఇప్పుడు, రేపటి నుంచే క్లాసులు" అంది. ఆ మాట వినగానే నా రెండో చెయ్యి దానంతటదే పర్సులోకి వెళ్లింది. ఇంత జరిగాక కూడా. నోటు సగం బయటికి వచ్చింది.

ఓబులమ్మ చూసింది. ఎగిరి నా మణికట్టు పట్టుకుంది.

"మల్లానా? పొట్టేళ్లు అయిపాయ, ఇంగ పిల్లను తోలుకపోతావా?"

మూడు రోజుల్లో మొదటిసారి సుజాత గట్టిగా నవ్వింది. బస్సు కదిలినా ఓబులమ్మ నా మణికట్టు వెంటనే వదల్లేదు. నోటు పర్సులోకి పోయిందని చూసుకున్నాకే వదిలింది.